పేగు లేని చక్రము

పల్లేరుకాయను గూర్చి 28 సంవత్సరములుగా నేను తరగతిలో చెప్పుచు వచ్చినది సగమే సత్యమని పోయిన సంక్రాంతి సెలవులలో తెలిసికొంటిని. గోక్షురము, త్రికంటకము, పల్లేరు - ఇవి పర్యాయపదములని బల్లమీద వ్రాసి, దశమూలములలో ఇదియు ఒకటని చేర్చి, ముందునకు సాగిపోవుట నా అలవాటు. ఆ కాయ ఎండి విచ్చినపుడు అయిదు పలుకులగునని, పలుకు ఎట్లు పడినను ముల్లొకటి మీదికే నిలుచునని, అట్టి ముల్లు పదునెనిమిదేండ్ల పిల్లవానిని చీకటిలో మైళ్ళకొలది నడిపింపగలదని నిఘంటువు చెప్పదు. నేనును చెప్పలేదు.

ఆ పిల్లవాడు మా తమ్ముని కొడుకు. బెంగుళూరులో ఇంజనీరింగు చదువుచున్నాడు. పండుగకు మదనపల్లె వచ్చుచు తన మౌంటెన్ సైకిలును బస్సు డిక్కీలో పెట్టుకొని తెచ్చెను. మా వీథి పిల్లలు దానిని గేరు సైకిలందురు. 29 అంగుళముల చక్రములు. బొటనవ్రేలినంత గాక గుప్పెడు లావుగల టైర్లు, వానిమీద మొసలి వీపువలె ముద్దలు ముద్దలుగా రబ్బరు. నున్నని రోడ్డు దానికి నచ్చదు. రాళ్ళు, వేళ్ళు, వంకలు ఉన్నచోటనే దాని ప్రతాపమంతయు.

మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున హార్స్‌లీ కొండ యున్నది. ఎత్తు 4,000 అడుగులకు పైమాట. కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర 1870 ప్రాంతమున అక్కడ ఇల్లు కట్టుకొనుటచే ఆ పేరు వచ్చినది గాని, మనవారికి అది ఏనుగు మల్లమ్మ కొండయే. భోగికి ముందునాడు మావాడు తెల్లవారుజామున లేచి, కొండ దిగువనున్న చేలగట్లమీదను, గొర్రెలు నడిచిన బాటలమీదను తిరుగుటకు పోయెను. మధ్యాహ్నమునకు రావలసినవాడు. వచ్చినది రాత్రి ఎనిమిదింటికి. అదియు సైకిలు ఎక్కి కాదు, సైకిలును నడిపించుకొనుచు. మూడు పంక్చర్లట. మొదటి రెండును పల్లేర్లు. మూడవది రాతి దెబ్బ. వెంటనున్న ట్యూబొకటి, నాలుగు ప్యాచీలు అయిపోయినవి. సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. మా అమ్మ సాయంకాలము అయిదింటినుండి గేటు పట్టుకొని నిలిచియుండెను. 82 ఏండ్ల మనిషి. మనుమడు లోనికి వచ్చి నీళ్ళు త్రాగిన తరువాత ఒక్క మాట మాత్రమే అనెను.

"ఆ బండి మళ్ళా ఎక్కితివా, నా మీద ఒట్టే."

ఒట్టునకు విరుగుడు వాడే చెప్పెను. "ట్యూబు ఉండబట్టే గదా పంక్చరు, పెదనాయనా! ట్యూబే తీసేస్తే?" సామగ్రి వాని సంచిలోనే యున్నది: పసుపుపచ్చని సన్నని ప్లాస్టికు టేపు చుట్ట ఒకటి, అడుగున రబ్బరు పీటగల వాల్వులు రెండు, పాలవంటి ద్రవము గల సీసా ఒకటి. బెంగుళూరులో కొని, ఎక్కించుటకు తీరిక లేక తెచ్చినాడు. అమ్మతో సంధి నా వంతైనది. పంక్చరు కాని చక్రము చేయించి తెచ్చెదము, ఆ తరువాత ఆలోచింపుమంటిని. "చూస్తాంలే" అనెను.

మా వీథి చివర వేపచెట్టు క్రింద ఒక సైకిలు దుకాణము గలదు. నేను హైస్కూలులో చదువునాడు గంట లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చిన దుకాణము అదియే. వెనుక సీటు పట్టుకొని పరుగెత్తుచు నాకు సైకిలు నేర్పిన మనిషియు ఈయనయే. ఇపుడాయనకు డెబ్బది దాటినవి. అద్దె సైకిళ్ళు ఏనాడో పోయినవి. మిగిలినది ఒక పంపు, ఒక నీళ్ళ తొట్టి, ఒక ఆకురాయి, సొల్యూషను డబ్బా. బడిపిల్లల సైకిళ్ళకు పంక్చర్లు వేయుటవలననే ఆ యింట పొయ్యి వెలుగుచున్నది.

సంగతి విని ఆయన చక్రమును ఒకమారు త్రిప్పి చూచెను. "పేగు ల్యాకుండా బండి యాడ నడుస్తాదప్పా?"

దారిలో నేను ఈ వస్తువునకు తెలుగు పేరు కట్టవలెనని 'నిర్నాళికాచక్రము' మొదలుగా మూడు నాలుగు సమాసములు కూర్చుకొనియుంటిని. పేగన్న ఆ ఒక్క మాటతో వానియన్నిటి గాలియు పోయినది. ఆయన మరల చక్రమును త్రిప్పి, నవ్వుచునే, "పంక్చరే కాకపోతే మా బోటోళ్ళు ఏం జేసేది, అయ్యవారూ?" అనెను. నవ్వుచు అడిగినను అది నిజమైన ప్రశ్న. నాకు జవాబు తోచలేదు.

ఈ పేగు ఎట్లు వచ్చినది, ఎందుకు పోవుచున్నది అను సంగతి నేను తరువాత పుస్తకములు తిరుగవేసి తెలిసికొంటిని గాని, ఇక్కడనే చెప్పుట మేలు.

చక్రమునకు గాలి తొడుగవలెనను ఆలోచన మన మెరిగిన సైకిలుకంటె పాతది. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండువాడు దానికి పేటెంటు పొందెను. రబ్బరు పట్టించిన గుడ్డతో ఒక గొట్టము, దానిపై తోలు తొడుగు. గుర్రపు బండ్లకు ఉద్దేశించినది. గాలిని పట్టునది లోన నొకటి, దెబ్బను పట్టునది వెలుపల నొకటి - ఈ విభాగము నాటిదే. అది వ్యాప్తికి రాక మరుగున పడినది. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రముల బండి కుదుపులు పోగొట్టుటకై మరల దానినే, థామ్సన్ మాట తెలియకయే, కనిపెట్టెను. మరు సంవత్సరము విలియం హ్యూమ్ అను పందెగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్టులో గెలిచి అందరి నోళ్ళు మూయించెను. తరువాత థామ్సన్ పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకపోయినది. అయినను లోకమున పేరు నిలిచినది డన్‌లప్‌దే. విద్యార్థులకు నేనీ కథను పదే పదే చెప్పుచుందును. పరీక్షలో రాదని వారు వినరు.

డన్‌లప్ టైరు చక్రమునకు అంటించినది. ముల్లు గుచ్చుకొన్నచో విప్పి, బాగుచేసి, మరల అంటించుట పెద్ద పని. 1891లో ఫ్రాన్సుదేశమున మిషెలిన్ సోదరులు ఊడదీసి తొడుగుటకు వీలైన టైరును చేసిరి. ఆ యేటనే 1,200 కిలోమీటర్ల ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్ పందెమును షార్ల్ టెర్రాన్ దానితోనే గెలిచెను. టైరు ఊడుట తేలికయైన నాడే ట్యూబు బయటికి వచ్చినది. ట్యూబు బయటికి వచ్చిన నాడే దానికి అతుకు వేయు మనిషి పుట్టినాడు. మా వేపచెట్టు క్రింది దుకాణమునకు మూలపురుషులెవరని ఎవరైన అడిగినచో నేను ఆ ఫ్రెంచి సోదరులనే చెప్పుదును.

పేగు అక్కరలేదని ముందుగా తెలిసికొన్నది కార్లవారు. అమెరికాలో ఏక్రన్ నగరపు గుడ్‌రిచ్ కంపెనీలో ఫ్రాంక్ హెర్జెగ్ అను ఇంజనీరు చేసిన ట్యూబులేని టైరునకు 1952లో పేటెంటు దక్కెను. మన స్కూటర్లకును నేడు అవియే. సైకిలునకు మాత్రము మరి యేబదియేండ్లు పట్టినది. కారణము సులభము. కారు చక్రము నిండు గిన్నె. సైకిలు రిమ్ము జల్లెడ; పుల్లకొక బెజ్జము చొప్పున 32 బెజ్జములు. 1999లో మావిక్, మిషెలిన్, హచిన్‌సన్ అను మూడు ఫ్రెంచి కంపెనీలు కలిసి మౌంటెన్ సైకిళ్ళకు ప్రత్యేకమైన రిమ్మును, టైరును చేసినవి. ఆ వెంటనే, 2001 ప్రాంతమున, న్యూయార్కు రాష్ట్రమున స్టాన్ కోజియాటెక్ అను నాతడు ఖరీదైన ప్రత్యేకపు రిమ్ము ఎందుకు, ఉన్న రిమ్మునకే టేపు చుట్టి, లోన రబ్బరు పాలు పోసిన చాలునని ఆ వస్తువులనే అమ్మజూపెను. మావాని సంచిలోనివి ఆ జాతివే.

కొండలమీద సైకిలు త్రొక్కువారికే ఇది ఎందుకు ముందుగా కావలసి వచ్చినది? కాలిఫోర్నియాలో టమల్‌పైస్ కొండ ప్రాంతమున కొందరు యువకులు 1930ల నాటి లావు టైర్ల పాతసైకిళ్ళను ఏరి తెచ్చి, మట్టిబాటలవెంట క్రిందికి వదలుచుండిరి. 1976 అక్టోబరు 21న వారు మొదటి పందెము పెట్టుకొనిరి. రెండు మైళ్ళకు కొంచెము మించిన దారిలో 1,300 అడుగుల దిగుడు. వెనుకచక్రపు బ్రేకులో గ్రీజు కాలి పొగయై పోవుచుండుటచే ప్రతి దిగుడు తరువాతను విప్పి మరల కూరవలసి వచ్చెడిది. పందెమునకు 'రీప్యాక్' అని అదియే పేరైనది. అట్టి దారిలో గాలి గట్టిగా కొట్టిన టైరు రాతిమీద బంతివలె ఎగురును. గాలి తగ్గించినచో టైరు రాతిని చేతితో తడిమినట్లు పట్టుకొనును. కాని ట్యూబునకు గండము. టైరు నొక్కుకొని, రాతికిని రిమ్ము అంచునకును నడుమ ట్యూబు నలిగి, ప్రక్కప్రక్కనే రెండు గాట్లు పడును. దానిని ఇంగ్లీషువారు పాముకాటు అందురని మావాడు చెప్పెను. ముసలాయన తల యూపి, "మేం రాయి గొరికిందంటాం" అనెను. మావాని మూడవ పంక్చరు అదియే. నలుగుటకు లోన ట్యూబే లేనిచో గాలిని ధైర్యముగా తగ్గింపవచ్చును. పల్లేరు సంగతికంటె ఇదియే అసలు లాభమని నా అభిప్రాయము. మా అమ్మ లెక్కలో మాత్రము పల్లేరే ముఖ్యము.

ఇక పని. భోగినాడు ఉదయము ఆరంభించితిమి.

టైరును, ట్యూబును తీసి రిమ్మును తుడిచినారు. జిడ్డు వ్రేలిముద్రంత యున్నను టేపు అంటదు; స్పిరిటుతో తుడువవలయును. రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు. టేపు అంతకు రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. వాల్వు బెజ్జమునకు జానెడు ఇవతల మొదలుపెట్టి, బిగువుగా లాగుచు చుట్టంతయు తిప్పి, ఆ బెజ్జమును దాటి జానెడు మించి కోయవలయును. మావానికి తొందర. చుట్టి, వాల్వు చోట చిన్న గాటు పెట్టి, వాల్వు దూర్చి, చేతితోనే మర బిగించెను. టైరు ఎక్కించుటలో ఒక కిటుకున్నది. రిమ్ము నడిమిభాగము పల్లముగా నుండును. ఎక్కిన అంచును ఆ పల్లములోనికి త్రోసినచో ఆవలి ప్రక్క వదులు దొరకును. ఇది ముసలాయనకు ఎవరును చెప్పలేదు. బొటనవ్రేళ్ళతో నిముషములో ఎక్కించెను. ఇనుప లీవరు ముట్టలేదు.

పంపు కొట్టిన గాలి కొట్టినట్లే బుస్సుమని పోయినది. ట్యూబుగల టైరునకు కొట్టిన గాలి ట్యూబులో నిలుచును. ఇక్కడ టైరు అంచులు రెండును రిమ్మును కరచిపట్టువరకు గాలి నిలుచుటకు చోటే లేదు. గాలి నిలిచినగాని అంచులు కరవవు. అంచులు కరచినగాని గాలి నిలువదు. దీనికి తర్కశాస్త్రమున అన్యోన్యాశ్రయమని పేరు. విడుదల మార్గము ఒక్కటే: పోవు వేగముకంటె హెచ్చు వేగముతో గాలిని ఒక్కపెట్టున లోనికి నెట్టుట.

చక్రమును చేతబట్టుకొని ముగ్గురమును బస్టాండు ప్రక్కనున్న లారీ టైర్ల దుకాణమునకు పోతిమి. అక్కడ కంప్రెషరున్నది. అంచులకు సబ్బునీళ్ళు పూసి, వాల్వులోని సూదిని విప్పి తీసివేసి దారి వెడల్పు చేసి, ఇత్తడి బిళ్ళ తగిలించి గాలి వదలిరి. టైరు ఒక్కమారు ఒడలు విరుచుకొని, ఠప్పు ఠప్పుమని రెండు తుపాకి మ్రోతలు మ్రోగెను. నేను రెండడుగులు వెనుకకు వేసితిని. అంచులు రెండును తమ పీటలెక్కిన చప్పుడట అది. టైరుమీద వ్రాసిన హద్దు దాటి గాలి పెట్టరాదని మావాడు మరి మరి చెప్పెను, మంచి జాగ్రత్త.

వేపచెట్టు క్రిందికి వచ్చునప్పటికి టైరు మెత్తబడినది.

"పాలు పోసేద్దాం తాతా, అదే మూసుకుంటుంది" అని మావాడు సీసా మూత తీసెను. ముసలాయన వాని చేయి పట్టుకొనెను. "చిల్లి యాడుండాదో తెలుసుకోకుండా మందు బోసేది వైద్యమా, నాయనా?" చక్రమును మరల గాలితో నింపించి తెచ్చి, యేబదియేండ్లుగా వాడుచున్న ఆ నీళ్ళ తొట్టిలో ముంచి, అంగుళము చొప్పున త్రిప్పెను. బుడగలు వచ్చినవి, టైరు అంచున కాదు, పుల్ల మొదట, వాల్వునకు సరిగా ఎదుటి ప్రక్కను. దానికి రెండు పుల్లల అవతల మరియొక చోట. మావాడు అక్కడనే టేపు చెడినదనెను. నాకును అట్లే తోచినది. ముసలాయన తొట్టిలో చేయి పెట్టుకొని కొంతసేపు ఊరకుండెను.

"మిద్దె కారేది ఒక తావు, పైన చిల్లి ఇంగో తావు" అనెను.

టైరు విప్పి చూడగా బుడగలు వచ్చిన చోట టేపు అద్దమువలె నున్నది. లోపము వాల్వు దగ్గర. టేపు అతుకు మీద వెంట్రుకంత ముడుత. గాలి ఆ ముడుతలో దూరి, రిమ్ము లోపలి డొల్లలో అర్ధచక్రము ప్రయాణము చేసి, తనకు నచ్చిన పుల్ల బెజ్జములోనుండి బయటపడుచున్నది. కవి హృదయము ఒకచోట నుండగా వ్యాఖ్యాత మరియొకచోట వెదకుట నాకు అలవాటైన సంగతే గనుక ఎక్కువ సిగ్గుపడలేదు.

రెండవమారు టేపును ఆయనయే చుట్టెను. రిమ్మును ఎండలో వెచ్చబెట్టి, కట్టు కట్టువానివలె, ఒక చేత లాగుచు ఒక బొటనవ్రేలితో నడుమనుండి అంచులకు గాలి వెడలునట్లు రుద్దుచు, అరగంట పట్టించెను. తరువాత చేసిన పని నన్ను ఆశ్చర్యపరచినది. తీసిన ట్యూబునే మరల లోనపెట్టి, టైరు తొడిగి, గట్టిగా గాలి కొట్టి గోడకు ఆనించెను. "రెండు రోజులుండనీ. పేగే టేపును అదుముతాది." బెంగుళూరులో తెలిసినవారును ఇట్లే చేయుదురని మావాడు తరువాత ఒప్పుకొనెను, ముసలాయనకు అది చెప్పినవారు లేరు.

సంక్రాంతి గడచినది. కనుమనాడు సాయంకాలము ట్యూబు తీసి, కంప్రెషరుతో మరల అంచులెక్కించి, తొట్టిలో ముంచితిమి. ఒక్క బుడగ రాలేదు. అప్పుడాయన సీసా తానే అందుకొనెను. వాల్వు సూది విప్పి, చక్రమునకు 100 మిల్లీలీటర్ల చొప్పున పాలు పోసి, సూది బిగించి గాలి కొట్టి, చక్రమును ఉయ్యాలవలె ఊపి, ఒక్కొక్క ప్రక్కను కాసేపు పరుండబెట్టెను. ముందుచక్రమున 22 పౌనులు, వెనుకదానిలో 25. ట్యూబుండగా మావాడు 35 పెట్టుచుండెను.

ఆ పాలేమి చేయునని అడిగితిని. అది చాలవరకు రబ్బరు చెట్టు పాలే. గడ్డకట్టకుండుటకు అమ్మోనియా వంటివి, బెజ్జమునకు అడ్డుపడుటకు సన్నని పలుకులు కలిపియుందురు. టైరు తిరుగుచున్నంతసేపును అది లోపల చుట్టును పూతవలె పరచుకొనియుండును. ముల్లు గుచ్చి తీసినచో గాలి బయటికి పరుగెత్తును. పాలను వెంటబెట్టుకొని పోవును. సందులో పలుకులు ఇరుకుకొనును, పాలు గడ్డకట్టును. మన గాయమున నెత్తురు గడ్డకట్టుట ఎట్లో ఇదియు అట్లే. గాలి పోవుటయే గాలి పోవుటను మాన్పుచున్నదన్నమాట.

ముసలాయనకు మాటలు చాలలేదు. దుకాణము వెనుక ఖాళీస్థలమునుండి ఎండిన పల్లేరుకాయను తెచ్చి, పలుకును టైరు లోనికి బొటనవ్రేలితో నొక్కి, లాగివేసెను. చీమ తుమ్మినంత చప్పుడు. తెల్లని బొట్టొకటి పైకి వచ్చినది. చక్రమును ఆ బొట్టు క్రిందికి వచ్చునట్లు త్రిప్పి పట్టుకొనెను. అయిదారు క్షణములు. అంతే. ఆయన ఆ బొట్టును వ్రేలితో తుడిచి వాసన చూచెను.

పిల్లవాడు ఇచట ఒక సంగతి చెప్పెను. నాకు పండుగంతటిలో అదియే కానుక. కాలిఫోర్నియాలోను, దాని చుట్టుపట్ల ఎండప్రాంతములలోను సైకిళ్ళవారికి పరమశత్రువు ఈ పల్లేరేయట. మన ఖండములనుండి పోయి అక్కడ పాతుకొన్నది. క్షురమనగా మంగలికత్తి గదా. ఆవుల కాళ్ళకు కత్తి యని మనవారు గోక్షురమనిరి. అమెరికావారు ఆ కొమ్ముల పలుకులో మేకతలను చూచి ఆ పేరే పెట్టిరి. శాస్త్రజ్ఞులు వాడు ట్రిబ్యులస్ అను నామమునకు మూలమైన గ్రీకు మాటకు 'మూడు మొనలది' యని అర్థము; మన త్రికంటకమే. దానిని అణచుటకు 1961లో ఇటలీనుండి రెండు జాతుల ముక్కుపురుగులను తెప్పించి వదలిరి. ఐడహో రాష్ట్రపు బాయిసీ నగరమున 2018లో సైకిళ్ళవారు ఏకముగా పల్లేరు పేరిట ఒక ఉత్సవమే ఆరంభించి, ఆ మొక్కలను బస్తాలకెత్తిరి. బ్రతుకలేని మొక్క గాదు. ఎవరిని ఏడిపించినను అందరి చేత పేరు పెట్టించుకొన్నది.

ఇంత చెప్పి, ట్యూబు లేని టైరే అందరికిని తగునని నేనననేరను. బడికి పోవు పిల్ల సైకిలు సన్నటైరు, పాత రిమ్ము. దానికి ఈ వైభవము అక్కరలేదు. అందులకై చేయని రిమ్మునకు ఎక్కించినచో టైరు ఎగిరిపోవు ప్రమాదము గలదు. పాలు శాశ్వతము కావు. మూడు నాలుగు నెలలలో, మన ఎండలకు ఇంకను ముందే, ఎండి లోన తొక్కు కట్టును. తీసి మరల పోయవలయును. పల్లేరు బెజ్జము మూయును గాని, పలుగురాయి కోసిన అంగుళపు గాటును మూయదు. దానికి స్కూటర్లకు దూర్చినట్లు పురి దూర్పవలయును. ఇవన్నియు ముసలాయన ఒక్కొక్కటిగా అడిగి తెలిసికొన్నవే. నెలలు గడచిన తరువాత పాలు మార్చువాడెవడని అడిగినపుడు మావాడు, "నీవే తాతా" అనెను. ఆయన సీసామీది ధర చూపించుమనెను.

కనుమనాడు కాకియు కదలదందురు గనుక మా అమ్మ మరునాడుగాని పోనీయలేదు. తెల్లవారుజామున నేనును లేచి గేటువరకు వచ్చితిని. వేపచెట్టు క్రింద దుకాణము అప్పటికే తెరిచియుండెను. ఆయన సైకిలు నాపి, తీసిన ట్యూబును గాలి వెడలగొట్టి, సుద్దపొడి అద్ది, అరచేతిలో ఇముడునట్లు మడిచి, సీటు క్రింద రబ్బరుముక్కతో కట్టుచుండెను.

"పేగు లేదంటివే?" అంటిని.

"బండికి ల్యా అయ్యవారూ. అబ్బోడికి ఉండనీ. పెద్ద గాటు పడితే ఇదే ఇంటికి తెచ్చేది."

పదకొండు గంటలకు వచ్చినాడు. ఎక్కియే వచ్చినాడు. దుకాణము ముందు చక్రమును తలక్రిందులుగా నిలిపి లెక్కించితిమి: ముందుదానిలో నాలుగు, వెనుకదానిలో ఏడు తెల్లని బొట్లు. రెండింట పల్లేరు పలుకులు ఇంకను నాటుకొనియే యున్నవి. సీటు క్రింది ట్యూబు కట్టు విప్పలేదు. మా అమ్మకు నేను బొట్ల సంగతి చెప్పలేదు, టైము మాత్రము చెప్పితిని.

ఎంత ఇమ్మందువని అడిగితిని. ఆయన చాల సేపు ఆలోచించెను. పంక్చరుకు ఇంత యని ఆయనకు ఒక లెక్కయున్నది. మూడు దినములు పంక్చరు కాకుండ చేసిన పనికి లెక్క లేదు. చివరకు రెండు చక్రములకు రెండు పంక్చర్ల సొమ్ము పుచ్చుకొని, సీసాలో అడుగున మిగిలిన పాలను అడిగి తీసికొని, సొల్యూషను డబ్బా ప్రక్కన పెట్టుకొనెను.